ఇంట్లోనే జపనీస్ – 18వ పాఠం: తనబత కాగితం మీద కోరిక రాయడం

గత పాఠంలో క్రియకు ‘గలగడం’ అనే అర్థాన్ని చేర్చే రూపాన్ని చూశాం. ఒయొగు అంటే ఈదడం, ఒయొగెరు అంటే ఈదగలగడం. తబెరు అంటే తినడం, తబెరరెరు అంటే తినగలగడం. జపాన్‌లో ఉంటున్న తల్లిదండ్రులకు ఈ రూపంతో నిజంగా పని పడేది జూన్ చివర్లో, హొయికుయెన్ (పగటిపూట పిల్లల్ని చూసుకునే శిశుసంరక్షణ కేంద్రం) నుంచి గానీ యోచియెన్ (కిండర్‌గార్టెన్) నుంచి గానీ తిరిగొచ్చిన పిల్లల సంచిలో ఒక ఒతయొరి, అంటే బడి వారు ఇంటికి పంపే సమాచార పత్రం, దానితో పాటు సన్నగా పొడవుగా కత్తిరించిన రంగు కాగితం కనిపించిన రోజున. ఆ కాగితాన్ని తన్‌జకు అంటారు. జులై 7న జరిగే తనబత పండుగకు దాని మీద ఒక కోరిక రాసి పంపాలి. ఆ ఒక్క వాక్యాన్ని సొంతంగా రాయగలగడమే ఈ పాఠం లక్ష్యం.

పండుగ కథ క్లుప్తంగా తెలిస్తే చాలు. బట్టలు నేసే ఒరిహిమె, పశువులు కాసే హికొబొషి పెళ్లయ్యాక పనులు మానేసి కూర్చుంటే, కోపించిన దేవలోకాధిపతి వారిని అమనొగవకు, అంటే మన పాలపుంతకు, చెరో ఒడ్డున ఉంచి ఏడాదికి ఒక్కసారి, ఏడో నెల ఏడో రోజు రాత్రి మాత్రం కలుసుకోనిచ్చాడు. చైనా నుంచి వచ్చిన ఈ కథలోని నక్షత్రాలు మనకు కొత్తవి కావు: ఒరిహిమె మన అభిజిత్తు, హికొబొషి మన శ్రవణం. శ్రావణమాసానికి పేరిచ్చిన నక్షత్రం అదే. జపాన్ 1873లో కొత్త కేలండరుకు మారక ముందు ఈ పండుగ చాలా సంవత్సరాల్లో మన శ్రావణ శుద్ధ సప్తమి దరిదాపుల్లోనే వచ్చేది. ఇప్పుడు చాలా ఊళ్లలో అది సరిగ్గా వర్షాకాలం నడుమకు వచ్చి పడింది. అందుకే చాలా ఏళ్లు ఆ రాత్రి నక్షత్రాలు కనిపించవు. సెందాయ్ నగరం మాత్రం ఆగస్టు 6 నుంచి 8 వరకు జరుపుకుంటుంది.

ఇక ఒతయొరి చదువుదాం. అందులో మీరు వెతకవలసినవి రెండే ముక్కలు. మొదటిది నెగైగొతొ, అంటే కోరిక. రెండోది ‘షిచిగత్సు ఇత్సుక మదె ని’, అంటే జులై 5 లోపు. మదె అంటే ‘వరకు’, మదె ని అంటే ‘లోపు’. చివరి ‘ని’ని గమనించకపోతే ఐదో తారీఖు దాకా రోజూ ఏదో పంపాలేమో అని కంగారు పడతారు.

ఇప్పుడు అసలు విషయం. తన్‌జకు మీద వాక్యం ‘మస్ యోఉ ని’తో ముగుస్తుంది. మస్ అంటే క్రియ చివర వచ్చే మర్యాద రూపం. యో, ఉ, ని అనే మూడు అక్షరాల్లో నడిమి ‘ఉ’ ముందున్న ‘ఓ’ను సాగదీస్తుందే తప్ప విడిగా పలకదు. (తెలుగులో కలిపి రాస్తే వేరే అర్థం వచ్చే ప్రమాదం ఉంది కనుక ఈ పాఠాలలో విడదీసే రాస్తాను.) ఈ మూడక్షరాలకు కలిపి ఏడు గీతలు, ఏడో నెల ఏడో రోజుకు అలా కుదిరింది.

దీని అర్థానికి ఇంగ్లీషు మీదుగా వెళ్లకండి, తెలుగులో నేరుగా ఉంది: అది మన ‘ట్టు’. ‘ఒయొగెమస్ యోఉ ని’ అంటే ‘ఈదగలిగేట్టు’. మనం ‘ఈదగలిగేట్టు చూడు స్వామీ’ అంటాం. జపనీస్ రాత ‘ఈదగలిగేట్టు’ దగ్గరే ఆగిపోతుంది. ఎవరు చూడాలో, ఎవరిని అడుగుతున్నామో రాయరు. వాక్యం సగంలో ఆగినట్టు మనకు అనిపించినా, అక్కడికి అది పూర్తయినట్టే.

ఆ సంగతి తెలియక మొదటి సంవత్సరం నేను చేసిన పొరపాటు చెబుతాను. మా అబ్బాయి ఆరోగ్యంగా పెరగాలని రాయబోయి, మర్యాదగా ఉండాలన్న ఆత్రంలో ‘గెంకి ని సొదతెతె కుదసై’ అని రాసి పంపాను. దాని అర్థం ‘ఆరోగ్యంగా పెంచండి’. సాయంత్రం గుమ్మం దగ్గర పంతులమ్మ ఆ కాగితం పట్టుకొని, ఇది మాకు రాసిన విన్నపమా అని చాలా వినయంగా అడిగారు. రాయవలసింది ‘గెంకి ని సొదచిమస్ యోఉ ని’, అంటే ‘ఆరోగ్యంగా పెరిగేట్టు’. కుదసై ఎదుటి మనిషిని అడుగుతుంది. యోఉ ని ఎవరినీ అడగదు.

తయారు చేసే పద్ధతి సులువు. క్రియను మస్ రూపంలోకి తెచ్చి యోఉ ని చేర్చండి. నైపుణ్యం కోరుకుంటే గత పాఠంలోని ‘గలగడం’ రూపం వాడండి: ‘జితెన్‌ష ని నొరెమస్ యోఉ ని’ (సైకిల్ తొక్కగలిగేట్టు), ‘పీమన్ గ తబెరరెమస్ యోఉ ని’ (కాప్సికం తినగలిగేట్టు). ఈ రెండోది బడిపిల్లల కాగితాల్లో తరచు కనబడేదే, రాసింది తల్లులే అయినా. జరగకూడదనుకున్నదానికి మస్ స్థానంలో మసెన్ వస్తుంది: ‘అమె గ ఫురిమసెన్ యోఉ ని’, వాన కురవకుండేట్టు.

పిల్లలు సొంతంగా చెప్పేవి ఇంత పద్ధతిగా ఉండవు. ‘కేకియసన్ ని నరితై’ అంటారు, కేకుల దుకాణం వాళ్లవుతానని. అదీ తప్పు కాదు. చిన్న తరగతుల్లో పంతులమ్మలు పిల్లల మాటలను దిద్దకుండా యథాతథంగా రాస్తారు. ఐదారేళ్లవాళ్లు తామే రాస్తారు కనుక ఒక జాగ్రత్త అవసరం. పిల్లలు మొదట నేర్చుకునే జపనీస్ లిపి హిరగనలో ‘స’, ‘చి’ అక్షరాలు అద్దంలో ఒకదాని నీడ ఒకటిలా ఉంటాయి. ‘స’ తిరగబడితే కేకియసన్ కాస్తా కేకియచిన్ అవుతుంది. మీకు తెలియని మాట కనిపించినప్పుడు నిఘంటువు తీయబోయే ముందు ఆ అక్షరాన్ని తిప్పి చదవండి.

కాగితాన్ని నిలువుగా పట్టుకొని పై నుంచి కిందికి రాయాలి, రెండో వరుస పడితే ఎడమ వైపుకు వెళ్లాలి, పేరు ఎడమ అంచున కింద రావాలి. పూర్వం ఈ రోజున చేమాకుల మీది మంచునీటితో సిరా నూరి, చేతిరాత బాగుపడాలని రాసేవారట; మనకు మామూలు స్కెచ్ పెన్ను చాలు. పైన రంధ్రంలో దారం కట్టి ఇస్తే, సస అనే సన్న వెదురు కొమ్మకు బడిలో వేలాడదీస్తారు. ఆ రోజు భోజనంలో చాలాచోట్ల సోమెన్ అనే సన్నటి సేమ్యా ఉంటుంది, దాని మీద అడ్డంగా తరిగిన బెండకాయ చక్రాలు ఉంటాయి. ఐదు మూలల ఆ చక్రాలే వాళ్ల నక్షత్రాలు. బెండకాయను అక్కడ ఒకుర అంటారు; మన పిల్లలకు ఆ పూట తినడానికి పేచీ ఉండదు.

అభ్యాసం: ఈ మూడింటినీ యోఉ ని వాక్యాలుగా రాయండి. (1) చెల్లి జ్వరం త్వరగా తగ్గేట్టు (నెత్సు, జ్వరం, సగరు, తగ్గడం). (2) జలుబు చేయకుండేట్టు (కజె ఒ హికు, జలుబు చేయడం). (3) అమ్మమ్మను కలుసుకోగలిగేట్టు (ఔ, కలుసుకోవడం, గలగడం రూపం అఎరు). మూడోదానిలో అమ్మమ్మ తర్వాత ‘ఒ’ కాదు, ‘ని’ వస్తుంది. జవాబులు 19వ పాఠం మొదట్లో ఉంటాయి. అందులో జులైలో ఈత మొదలవగానే రోజూ పిల్లల ఒంటి వేడి రాసి పంపవలసిన కార్డును నింపడం నేర్చుకుంటాం.