ఫిల్మ్ మీంచి టీషర్టు మీదకి: డీటీఎఫ్ ప్రెస్సింగ్ నేను చేసే పద్ధతి

మా నాన్నది స్క్రీన్ ప్రింటింగ్. రాజమండ్రిలో మా ఇంటి ముందు గదిలో పెళ్ళి సంచులు, బడి పిల్లల స్పోర్ట్స్ డే బనియన్లు అచ్చేసేవారు. ఒక్కో రంగుకి ఒక్కో ఫ్రేము కట్టాలి. అందుకని ఎవరైనా పది షర్టుల కోసం వస్తే, "యాభై అయితే గాని గిట్టదమ్మా" అని వెనక్కి పంపేయాల్సి వచ్చేది. ఇప్పుడు అదే గదిలో నేను ఫిల్మ్ ప్రెస్సింగ్ చేస్తున్నాను. ఒక్క షర్టు అడిగినా కాదనను. ఈ పని నేర్చుకుంటామని తరచూ ఎవరో ఒకరు వచ్చి అడుగుతుంటారు. వాళ్ళకి చెప్పేదంతా ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

డీటీఎఫ్ అంటే డైరెక్ట్ టు ఫిల్మ్: ముందు బొమ్మని పెట్ అనే ప్లాస్టిక్ ఫిల్మ్ మీద అచ్చేయడం, తర్వాత దాన్ని వేడితో బట్టకి అంటించడం. ఫిల్మ్ మీద మొదట రంగులు పడతాయి, వాటిపైన తెల్ల ఇంకు పడుతుంది. ఆ తడి మీద జిగురు పౌడర్ చల్లి కాలిస్తే పౌడర్ కరిగి పొరలా పట్టుకుంటుంది. షర్టు మీద బోర్లించి నొక్కినప్పుడు జిగురు బట్టలోకి దిగుతుంది, తెలుపు అడుగున ఉండిపోతుంది, రంగులు పైకొస్తాయి. అడుగున తెలుపు ఉంటుంది కాబట్టే నల్ల షర్టు మీద కూడా పసుపు పసుపులాగే కనపడుతుంది. ఇంకుని వేడికి ఆవిరి చేసి బట్టలోకి ఎక్కించే సబ్లిమేషన్‌తో ఇది కుదరదు, అది లేతరంగు పాలిస్టర్ మీదే పనికొస్తుంది.

ప్రింటర్ కొనకండి

కొత్తవాళ్ళకి నేను మొదట చెప్పేది ఇదే. ఇందులో ఉండే తెల్ల ఇంకు టైటానియం డయాక్సైడ్‌తో చేస్తారు. అది బరువైన పొడి, కదలకుండా ఉంటే అడుక్కి దిగిపోతుంది. నాలుగు రోజులు ఆర్డర్ లేక మెషీన్ ఊరికే ఉందంటే ఇంకు చిమ్మే హెడ్ మూసుకుపోతుంది. మొత్తం ప్రింటర్‌లో ఖరీదైన వస్తువే ఆ హెడ్డు. రోజూ చేతినిండా పని ఉన్నవాళ్ళకే ప్రింటర్ సొంతంగా ఉండటం లాభం. మిగతావాళ్ళం మీటరు లెక్కన ఫిల్మ్ అచ్చేయించుకుంటే చాలు. పౌడర్ వేసి కాల్చిన ఫిల్మ్ చుట్టగా చుట్టి కొరియర్‌లో పంపుతారు.

మీరు కొనాల్సింది హీట్ ప్రెస్, అంటే వేడి ప్లేటుతో నొక్కే మెషీన్. నాది 38×38 సెంటీమీటర్లది, 1,800 వాట్లు. దానికి 15 ఆంప్స్ ప్లగ్గు విడిగా పెట్టించుకోండి. ఫ్యాన్లకీ ఫోన్ ఛార్జర్లకీ వాడే ఎక్స్‌టెన్షన్ బాక్సుకి తగిలిస్తే వైరు కాలుతుంది. ప్రెస్ వచ్చిన రోజే నాలుగు మూలలా ఒక్కో కాగితం ముక్క పెట్టి మూసి లాగి చూడండి. నాలుగూ ఒకేలా బిగిసి ఉండాలి. ఏ మూల కాగితం జారి వచ్చేస్తే ఆ మూల ఒత్తిడి తక్కువన్నట్టు, అక్కడ పడ్డ అక్షరం రేపు ఉతుకులో లేస్తుంది. వేడి కూడా తెర మీద చూపించిందే నిజం అనుకోకండి. ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో చూస్తే నా ప్రెస్‌లో నడుమ 155 డిగ్రీల సెల్సియస్ ఉన్నప్పుడు ముందు మూలలు 147 చూపిస్తాయి. అందుకే చిన్న లోగోలన్నీ నేను నడిమధ్యనే పెట్టి నొక్కుతాను.

తెలుగు అక్షరం దగ్గర ఆగండి

ఈ పనిలో నాకు బాగా నొప్పి తెప్పించిన సంగతి ఒకటుంది. రెండేళ్ళ కిందట వినాయక చవితికి మా పక్క వీధి కుర్రాళ్ళు నలభై షర్టులు అడిగారు. ఎడమ ఛాతీ మీద చిన్న లోగో, దాని కింద "శ్రీ వరసిద్ధి వినాయక" అని ఒకే వరసలో. లోగో వెడల్పు 9 సెంటీమీటర్లు. కంప్యూటర్ తెర మీద పెద్దది చేసి చూస్తే ముచ్చటగా ఉంది. అచ్చులో అక్షరం నాలుగు మిల్లీమీటర్ల ఎత్తు వచ్చింది, దాని కింది వత్తు గీత అర మిల్లీమీటరు కూడా లేదు. అంత సన్నటి గీత మీద జిగురు పట్టదు. నిమజ్జనానికి ముందురోజు ఒకతను ఉతికిన షర్టు పట్టుకొచ్చి చూపించాడు. "సిద్ధి"లో ధ వత్తు లేచిపోయి "వరసిది" అయింది. "దేవుడి పేరక్కా" అన్నాడు, అంతే. ఆ మాట నాకు గుచ్చుకుంది. రాత్రికి రాత్రి పాత ప్రింట్ మీద కొంచెం పెద్ద పట్టీ వేసి నలభై షర్టులూ తిరిగి నొక్కి ఇచ్చాను.

అప్పటినుంచి ఒక లెక్క పెట్టుకున్నాను. అచ్చు సైజులో కొలిస్తే వత్తు గీత 1 మిల్లీమీటరుకి తగ్గకూడదు. ఇంగ్లీషు అక్షరాలతో వచ్చే డిజైన్లలో ఈ ఇబ్బంది అంతగా ఉండదు, మనకి మాత్రం తలకట్టు, గుడి, వత్తు అన్నీ అక్షరం కన్నా సన్నగా ఉంటాయి. మాట పొడుగైతే రెండు వరసలు చేయండి, లేదంటే వీపు మీదకి మార్చండి. చిన్న సైజులకి రామభద్ర లాంటి లావు ఫాంటు బాగా నిలబడుతుంది. సన్న గీతల ఫాంట్లు వీపు మీద పెద్దగా వేసినప్పుడే అందం.

అక్షరాలు విడిపోవడం ఇంకో తలనొప్పి. ఫోటోషాప్‌లో టైప్ సెట్టింగుల్లో వరల్డ్ రెడీ లేఅవుట్ ఎంచుకోకపోతే "శ్రీ" కాస్తా ముక్కలుముక్కలుగా పడొచ్చు. అను ఫాంట్లతో చేసిన ఫైల్‌ని ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తాయి. అందుకని కోరల్‌డ్రాలో చేస్తే కంట్రోల్ క్యూ కొట్టి అక్షరాల్ని కర్వ్స్, అంటే గీతల బొమ్మ, చేసి పంపండి. చేశాక మాటల్ని పైకి చదవండి, ఇంకొకరితోనూ చదివించండి. మా అమ్మ కళ్ళజోడు పెట్టుకుని చదివితే గాని నా దగ్గర్నుంచి ఫైల్ వెళ్ళదు.

మిగతా సంగతులు తొందరగా చెప్పేస్తాను. ఫైల్ పీఎన్‌జీ, వెనక ఏమీ లేకుండా, అచ్చు సైజులో 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) ఉండాలి. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే నాణ్యత పోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి. పొగలా మసకబారే నీడలు, వెలుగులు వద్దు, వాటి కింద తెలుపు సరిగ్గా పడక అంచుల్లో చారలు కనపడతాయి. బొమ్మని అద్దంలోలా తిరగేసి పంపకండి, ఆ పని ప్రింటింగ్ వాళ్ళ సాఫ్ట్‌వేరే చేస్తుంది.

ఒక్క మాట మాత్రం నిదానంగా చెప్పాలి. ఛాతీ నిండా పలకలాంటి ఫోటో వేయమంటే నేను ఒప్పుకోను. ఈ ప్రింట్ పొరలోంచి గాలి ఆడదు. మే నెలలో రాజమండ్రి ఎండకి అలాంటి షర్టు వేసుకున్న మనిషికి గుండెల మీద చెమట కారి బట్ట అంటుకుపోతుంది. ఫోటో చుట్టూ వెనకటి రంగు కోసేసి మనిషి వరకే ఉంచండి. నల్ల షర్టయితే బొమ్మలో నలుపు ఉన్నచోట అచ్చేయకుండా వదిలేయండి, బట్ట నలుపే సరిపోతుంది. షర్టు మెత్తగా ఉంటుంది, గాలీ ఆడుతుంది.

మీటరులో ఎన్ని పడతాయి

ఫిల్మ్ వెడల్పు 60 సెంటీమీటర్లు, అచ్చు పడేది 56 నుంచి 58 దాకా. ఏ4 సైజు వీపు బొమ్మలు అడ్డంగా రెండు, నిలువుగా మూడు పెడితే మీటరులో ఆరు వస్తాయి. పక్కన ఇంకా 12 సెంటీమీటర్ల పట్టీ మిగులుతుంది. ఆ పట్టీలో ఛాతీ లోగోలు వరసగా పేర్చండి. బొమ్మకీ బొమ్మకీ మధ్య సెంటీమీటరు ఖాళీ వదలకపోతే కత్తిరించేటప్పుడు చెయ్యి జారుతుంది. ఖాళీ జాగాకీ డబ్బు కడుతున్నామని మరిచిపోకండి.

ఫిల్మ్ రాగానే దీపానికి ఎదురుగా పట్టుకుని చూడండి. తెలుపులో సూదిమొన చుక్కలు ఉంటే నల్ల షర్టు మీద అవే కనిపిస్తాయి. పౌడర్ వైపు వేలితో తడిమితే బత్తాయి తొక్కలా సన్నటి గరుకు తగలాలి. పంచదారలా రాలుతుంటే సరిగ్గా కాలలేదన్నట్టు. బొమ్మ బయట పౌడర్ మరకలు ఉంటే మెత్తటి బ్రష్‌తో దులపండి, లేకపోతే షర్టు మీద మెరుస్తాయి. శ్రావణ భాద్రపదాల్లో గోదావరి తేమకి ఫిల్మ్ నూనె పూసినట్టు జిడ్డుగా అవుతుంది. ప్రెస్‌ని 120 డిగ్రీలకి పెట్టి, ప్లేటు ఆనకుండా వేలెడు ఎత్తులో రెండు నిమిషాలు కాచి, పైజిడ్డు టిష్యూతో అద్దేయండి. మిగతా చుట్టని సిలికా జెల్ పొట్లాలతో కవర్లో బిగించి పెట్టండి.

నొక్కడం, ఒలవడం

షర్టులు నేను తిరుప్పూర్ సరుకే వాడతాను, 180 జీఎస్ఎం (చదరపు మీటరుకి 180 గ్రాములు) బయోవాష్ కాటన్, అంటే ఎంజైమ్‌తో ఉతికి నూగు తీసిన బట్ట. నూగు తక్కువ కాబట్టి ప్రింట్ గట్టిగా పట్టుకుంటుంది.

షర్టుని నిలువునా మడిచి ఒకసారి నొక్కితే నడుమ గీత పడుతుంది, బొమ్మ మధ్య అక్కడికి రావాలి. ముందు వైపు పెద్ద బొమ్మయితే మెడ పట్టీ కింద నాలుగు వేళ్ళు వదిలి మొదలుపెడతాను. మెడ పట్టీ, భుజం కుట్టు ప్లేటు మీద ఉంటే వాటి ఎత్తుకి మిగతాచోట ఒత్తిడి పడదు, అందుకే వాటిని ప్లేటు అంచు బయటికి వేలాడేయండి.

ఇప్పుడు ఫిల్మ్ లేకుండానే ఐదు సెకన్లు నొక్కండి. బట్టలోంచి సన్నటి ఆవిరి లేస్తుంది. ఆ తడి లోపల ఉండిపోతే జిగురు సరిగ్గా దిగదు. వానాకాలంలో నేను రెండుసార్లు నొక్కుతాను. తర్వాత ఫిల్మ్‌ని జిగురు వైపు బట్టకి ఆనేలా పరిచి, పైన టెఫ్లాన్ షీటు వేసి, కాటన్‌కి 155 డిగ్రీల్లో 15 సెకన్లు గట్టి ఒత్తిడితో మూయండి.

తెరిచాక ఎప్పుడు ఒలవాలన్నది ఫిల్మ్‌ని బట్టి ఉంటుంది. కోల్డ్ పీల్ ఫిల్మ్ అయితే పూర్తిగా చల్లారాకే ఒలవాలి, హాట్ పీల్ అయితే వేడిగా ఉండగానే. ఏ రకమో కొనేటప్పుడే అడగండి. నేను కోల్డ్ పీల్ వాడతాను. షర్టుని ప్రెస్ మీంచి తీసి గచ్చు మీద పరుస్తాను, ఈలోగా రెండోది ఎక్కిస్తాను. అరచెయ్యి ఫిల్మ్ మీద ఆనిస్తే కాస్త కూడా వెచ్చదనం తగలకూడదు. అప్పుడు ఒక మూల గోటితో లేపి, ఫిల్మ్‌ని తనమీదికే వెనక్కి మడుస్తూ, బట్టకి దగ్గరగా, ఆపకుండా ఒకే వేగంతో లాగాలి. పైకెత్తి లాగితే బొమ్మ కూడా లేస్తుంది. చిర్రుమని సన్నటి చప్పుడు వస్తుంది, వెనక రంగు మెరుస్తూ బయటపడుతుంది. నా కళ్ళు వత్తుల మీదే ఉంటాయి. ఎక్కడైనా అంచు లేస్తుంటే వెంటనే ఫిల్మ్ మళ్ళీ పరిచేసి ఇంకో పది సెకన్లు నొక్కి, చల్లారాక తిరిగి చూడండి.

ఒలిచాక బటర్ పేపర్ వేసి ఇంకో పది సెకన్లు నొక్కండి. దీన్ని వదిలేసేవాళ్ళని చూశాను, నాకు మనసొప్పదు. ఆ రెండో నొక్కుతోనే ప్లాస్టిక్ మెరుపు పోయి, బట్ట నేత ప్రింట్ మీద కనబడుతుంది, ఉతుకులు ఎక్కువ తట్టుకుంటుంది. చివర ప్రింట్‌ని రెండు చేతులతో అటూ ఇటూ మెల్లగా సాగదీసి చూడండి. పగిలితే వేడి చాల్లేదన్నట్టు.

డ్రైఫిట్ జెర్సీల దారి వేరు. పాలిస్టర్‌కి 130 నుంచి 135 డిగ్రీలు, పన్నెండు సెకన్లు చాలు. వేడి ఎక్కువైతే బట్టలోని రంగు ఆవిరై తెల్ల ఇంకులోకి ఎక్కుతుంది. ఎర్ర జెర్సీ మీద తెల్ల నంబరు ఇచ్చిన రోజు పాలలా ఉండి, రెండు మూడు రోజులకి గులాబీ రంగుకి తిరగొచ్చు. ఎరుపు, మెరూన్ జెర్సీలైతే నల్ల పౌడర్ వేసిన ఫిల్మ్ అడగండి, ఆ పొర రంగుని పైకి రానివ్వదు. కబడ్డీ జట్లకి నేను ముందు ఒకటి నొక్కి, నాలుగు రోజులు ఉంచి చూశాకే మిగతావి మొదలుపెడతాను.

ప్రతి షర్టు మడతలో తెలుగులో అచ్చేసిన చీటీ పెడతాను. ఇరవై నాలుగు గంటలు తడపొద్దు. తిరగేసి చల్లనీళ్ళలో ఉతకండి. బ్లీచింగ్ వద్దు. ప్రింట్ మీద బ్రష్ వేయొద్దు, బండకేసి బాదొద్దు. తిరగేసే నీడన ఆరేసి, తిరగేసే ఇస్త్రీ చేయండి. ఇచ్చేటప్పుడు ఇంట్లో ఉతికేవాళ్ళకి కూడా చెప్పమంటాను, ఎందుకంటే చీటీ చదివేది కుర్రాడు, బ్రష్ పట్టేది వాళ్ళమ్మ.

ప్రతి ఆర్డర్‌లో రెండు లోగోలు అదనంగా అచ్చేయించి, తేదీ, జట్టు పేరు రాసి కవర్లో దాచండి. "అక్కా, మా వాడొకడు కొత్తగా చేరాడు, ఒక్కటి కావాలి" అని నెల తర్వాత తప్పకుండా ఎవరో వస్తారు.