యాక్టివ్‌ఎక్స్ సెట్టింగుల్లో 1201 విలువ 3గానే ఎందుకు ఉండాలి

ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 11 డెస్క్‌టాప్ అప్లికేషన్‌ని మైక్రోసాఫ్ట్ 2022 జూన్ 15న విరమించింది. అయినా పాత పోర్టళ్ల కోసం ఎడ్జ్ బ్రౌజర్‌లోని ఐఈ మోడ్ (పేజీలని పాత ఎక్స్‌ప్లోరర్ పద్ధతిలో తెరిచే సౌకర్యం) యాక్టివ్‌ఎక్స్‌ని, అంటే వెబ్ పేజీలు కంప్యూటర్‌లోని కంట్రోల్స్ అనే చిన్న ప్రోగ్రాములని వాడుకునే పద్ధతిని, ఇంకా నడుపుతోంది, అదీ పాత జోన్ (సైట్లని నమ్మకాన్ని బట్టి విడదీసిన వర్గాలు) సెట్టింగుల ప్రకారమే. ఏదో పోర్టల్ తెరుచుకోలేదని ఎప్పుడో మార్చిన సెట్టింగ్ ఇవాళ్టికీ అలాగే ఉండిపోయి ఉండొచ్చు.

అలాంటి సెట్టింగుల్లో అన్నిటికన్నా ప్రమాదం ‘ఇనిషియలైజ్ అండ్ స్క్రిప్ట్ యాక్టివ్‌ఎక్స్ కంట్రోల్స్ నాట్ మార్క్‌డ్ యాజ్ సేఫ్ ఫర్ స్క్రిప్టింగ్’, అంటే ‘సేఫ్’ అన్న గుర్తు లేని కంట్రోల్స్‌ని కూడా పేజీలోని స్క్రిప్ట్ నడపొచ్చా అన్నది. విండోస్‌లోని చాలా కాంపోనెంట్లు వెబ్ పేజీల కోసం రాసినవి కావు. డబ్ల్యూస్క్రిప్ట్ డాట్ షెల్ సంగతే చూడండి: దాని రన్ మెథడ్‌కి ఏ ప్రోగ్రాం పేరు ఇస్తే దాన్ని నడుపుతుంది. ఈ సెట్టింగ్ ఎనేబుల్‌లో ఉంటే రెండు లైన్ల స్క్రిప్ట్‌తో ఏ పేజీ అయినా దాన్ని పిలవగలదు. పేజీల హక్కుల్ని తగ్గించి ఉంచే ప్రొటెక్టెడ్ మోడ్ కూడా ఆపేసి ఉంటే మీ అకౌంట్‌కున్న హక్కులన్నీ ఆ పేజీ చేతికి వెళ్లినట్టే.

కంట్రోల్ ప్యానెల్‌లో ఇంటర్నెట్ ఆప్షన్స్, సెక్యూరిటీ ట్యాబ్, ఇంటర్నెట్ జోన్, కస్టమ్ లెవెల్ వరుసగా తెరిచి దీన్ని డిజేబుల్ చేయండి. ప్రాంప్ట్ (ప్రతిసారీ అడిగే ఎంపిక) పెట్టి ఊరుకోకండి. పనుల హడావిడిలో ఎవరైనా చూడకుండానే ‘యెస్’ నొక్కేస్తారు. ట్రస్టెడ్ సైట్స్ జోన్‌నీ తప్పకుండా చూడండి, చాలాచోట్ల అసలు మార్పు అక్కడే దాక్కుని ఉంటుంది.

రిజిస్ట్రీలో (విండోస్ సెట్టింగులు భద్రపరిచే చోటు) అయితే ఇంటర్నెట్ సెట్టింగ్స్ కింద జోన్స్ కీలో 2 ట్రస్టెడ్ సైట్స్, 3 ఇంటర్నెట్. వాటిలో ఈ సెట్టింగ్‌ పేరు 1201, అది 0 అయితే ఎనేబుల్, 1 ప్రాంప్ట్, 3 డిజేబుల్. మీరు మార్చినా మళ్లీ 0 అవుతుంటే, లేదా ఆ ఆప్షన్ బూడిదరంగులో ఉండి మారకపోతే గ్రూప్ పాలసీలో (అడ్మినిస్ట్రేటర్ పెట్టే నియమాలు) వెతకండి.

డిజేబుల్ చేశాక పోర్టల్ ఆగిపోతే, ఆ కంట్రోల్ తయారుచేసినవాళ్లని సరిచేసి ఇమ్మని అడగాలి గానీ సెట్టింగ్ వెనక్కి తిప్పకూడదు. అయితే ‘సేఫ్’ అన్న గుర్తు వేసుకునేది కూడా వాళ్లే, దాన్ని విండోస్ పరీక్షించదు. కంట్రోల్‌లో లోపం బయటపడితే రిజిస్ట్రీలోని యాక్టివ్‌ఎక్స్ కంపాటిబిలిటీ కీలో దాని సీఎల్‌ఎస్‌ఐడీ (ఆ కంట్రోల్ గుర్తింపు కోడ్) కింద కంపాటిబిలిటీ ఫ్లాగ్స్‌ని హెక్సాలో 400 చేయండి. ఆ కంట్రోల్ ఇక బ్రౌజర్‌లో లోడ్ కాకుండా ఆపే దీన్నే కిల్ బిట్ అంటారు. 64 బిట్ విండోస్‌లో 32 బిట్ కంట్రోల్ అయితే రిజిస్ట్రీలో 32 బిట్ ప్రోగ్రాముల కోసం ఉండే వావ్6432నోడ్ కింద కూడా పెట్టాలి.