ఓపెన్‌బీఎస్‌డీ ల్యాప్‌టాప్ మొండికేస్తే ఏం చేయాలి

ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఏదైనా పని చేయకపోతే ముందు ఒక ప్రశ్న వేసుకోండి: ఇది పాడైందా, కావాలనే మూసి ఉంచారా? 1995లో థియో డి రాట్ నెట్‌బీఎస్‌డీ నుంచి విడిపోయి కెనడాలోని కాల్గరీలో దీన్ని మొదలుపెట్టారు. సిస్టమ్ పద్ధతి ఒకటే, మనం అడగనిదేదీ తెరిచి పెట్టదు. మైకు, కెమెరా, బ్రౌజర్‌కి కనిపించే ఫైళ్లు, అన్నీ అంతే. లినక్స్ నుంచి వచ్చినవాళ్లు డ్రైవర్ లేదేమోనని రోజంతా వెతుకుతారు. తీరా చూస్తే ఒక లైనుతో అయిపోయే పని. అందుకే కింద కారణం చెప్పాకే పరిష్కారం చెప్పాను. కారణం తెలుసుకోకుండా ఎక్కడో దొరికిన కమాండ్ కొడితే ఒక్కోసారి కొత్త సమస్య వచ్చి పడుతుంది.

కమాండ్లను పలికే తీరులో తెలుగులో రాశాను. టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ చిన్నక్షరాల్లో కొట్టండి. పెద్దక్షరం కావాల్సిన చోట ఆ మాట చెప్పాను. ఇవన్నీ 7తో మొదలయ్యే (7.4, 7.5 లాంటి) వెర్షన్లకు సరిపోతాయి.

వైఫై లేదు

ఇన్‌స్టాల్ అయింది, బూట్ అయింది, నెట్‌వర్క్ కార్డులను చూపించే ఐఎఫ్‌కాన్ఫిగ్ కమాండ్‌లో వైఫై కార్డు పేరు కూడా కనిపిస్తోంది. కానీ నెట్‌వర్క్‌లు దొరకడం లేదు. సిస్టమ్ సందేశాలు చూపించే డీమెసెజ్ (డి-ఎం-ఇ-ఎస్-జి అని కొట్టాలి) చూడండి. "ఐడబ్ల్యుఎం0: కుడ్ నాట్ రీడ్ ఫర్మ్‌వేర్" అని, చివర "ఎర్రర్ 2" అని ఉంటే డ్రైవర్ ఉన్నట్టే, ఫర్మ్‌వేర్ (కార్డు లోపల నడిచే ప్రోగ్రామ్) ఫైలు మాత్రం లేదు. ఇంటెల్ కార్డులు దాదాపు అన్నిటిదీ ఇదే కథ. ఆ ఫైళ్ల లైసెన్సు షరతులు ప్రాజెక్టు పద్ధతికి సరిపడవు కాబట్టి ఇన్‌స్టాల్ ఇమేజ్‌లో వాటిని పెట్టరు. మొదటి బూట్‌లో ఎఫ్‌డబ్ల్యు_అప్‌డేట్ అనే ప్రోగ్రామ్ వాటిని తెచ్చుకోవాలని చూస్తుంది. కానీ తెచ్చుకోవడానికి నెట్ కావాలి, నెట్ రావడానికి ఆ ఫైలు కావాలి.

అందరికీ అందుబాటులో ఉండే దారి ఫోన్. ఆండ్రాయిడ్ ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. చాలా ఫోన్లు యుఆర్‌ఎన్‌డిఐఎస్0 అనే పేరుతో కనిపిస్తాయి. రూట్‌గా (అన్ని హక్కులూ ఉన్న యూజర్‌గా) "ఐఎఫ్‌కాన్ఫిగ్ యుఆర్‌ఎన్‌డిఐఎస్0 ఐనెట్ ఆటోకాన్ఫ్" కొట్టి, అడ్రస్ రాగానే "ఎఫ్‌డబ్ల్యు_అప్‌డేట్" కొట్టి, రీబూట్ చేస్తే చాలు. ఫోన్ కుదరకపోతే వేరే కంప్యూటర్‌లో మీ వెర్షన్‌కి సరిపోయే ఫర్మ్‌వేర్ ఫైళ్లను, వాటితోపాటు ఎస్‌హెచ్‌ఏ256.సిగ్ అనే సంతకం ఫైలునీ పెన్‌డ్రైవ్‌లోకి దించుకోండి. దాన్ని మౌంట్ చేసి "ఎఫ్‌డబ్ల్యు_అప్‌డేట్ -పి" తర్వాత ఆ ఫోల్డర్ దారి ఇవ్వండి. సంతకం ఫైలు మర్చిపోతే మిగతా ఫైళ్లను తీసుకోదు.

తర్వాత /ఈటీసీ/హోస్ట్‌నేమ్.ఐడబ్ల్యుఎం0 ఫైల్లో (చుక్క తర్వాత మీ కార్డు పేరు ఉండాలి) రెండు లైన్లు రాయాలి. మొదటిది "జాయిన్ నెట్‌వర్క్-పేరు డబ్ల్యుపీఏకీ పాస్‌వర్డ్". రెండోది "ఐనెట్ ఆటోకాన్ఫ్". ఇల్లు, ఆఫీసు, ఫోన్ హాట్‌స్పాట్, ఎన్ని ఉంటే అన్ని జాయిన్ లైన్లు రాసుకోవచ్చు. వాటిలో అందుబాటులో ఉన్నదాన్ని అదే పట్టుకుంటుంది. దీనికోసం వేరే నెట్‌వర్క్ మేనేజర్ అక్కర్లేదు. ఇది నాకు ఈ సిస్టమ్‌లో ఎంతో ఇష్టమైన విషయం. "ఎస్‌హెచ్ /ఈటీసీ/నెట్‌స్టార్ట్" కొడితే నెట్ వచ్చేస్తుంది.

డూయాజ్ ఒప్పుకోవడం లేదు

మామూలు యూజర్ రూట్ హక్కులతో కమాండ్ నడపడానికి వాడేది డూయాజ్ (డి-ఓ-ఎ-ఎస్). దాన్ని వాడబోతే "డూయాజ్ ఈజ్ నాట్ ఎనేబుల్డ్" అని వస్తుంది. 2015 నుంచి బేస్‌లో (సిస్టమ్‌తోపాటే వచ్చే భాగంలో) సూడో బదులు ఇదే ఉంది, కానీ /ఈటీసీ/డూయాజ్.కాన్ఫ్ ఫైలు మనమే పెట్టుకోవాలి. రూట్‌గా "పర్మిట్ పర్సిస్ట్ :వీల్" అన్న ఒక్క లైను రాస్తే సరిపోతుంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు సృష్టించిన యూజర్ వీల్ గ్రూపులో ఉంటారు.

వీడియో కాల్‌లో మన గొంతు అవతలికి వినబడదు

స్పీకర్ బాగుంటుంది, బ్రౌజర్ మైకుకి పర్మిషన్ ఇచ్చాం అంటుంది, అవతలివాళ్లకి మాత్రం నిశ్శబ్దం. డల్లాస్‌లో ఉన్న పిల్లలతో ఆదివారం మాట్లాడదామని కూర్చున్నప్పుడు ఇలా అయితే ఎవరికైనా టెన్షనే. కారణం ఇది: సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నెలే మైకు నుంచి శబ్దానికి బదులు వట్టి సున్నాలు పంపుతుంది. ఏ ప్రోగ్రామూ మనకు తెలియకుండా వినకూడదని కావాలనే అలా పెట్టారు.

"సిస్‌సీటీఎల్ కెర్న్.ఆడియో.రికార్డ్=1" కొట్టండి. కెమెరాకి "కెర్న్.వీడియో.రికార్డ్=1". కెమెరా డివైస్ రూట్ పేరు మీద ఉంటుంది కాబట్టి /డెవ్/వీడియో0ని మీ యూజర్ పేరుకి "సీహెచ్‌ఓన్" చేయాలి. శాశ్వతంగా కావాలంటే ఆ సెట్టింగులను /ఈటీసీ/సిస్‌సీటీఎల్.కాన్ఫ్‌లో రాయవచ్చు. నా సలహా అయితే రాయవద్దు. కాల్ ముందు 1, కాల్ అయ్యాక 0. చిన్న స్క్రిప్టు రాసుకుంటే కష్టమేమీ ఉండదు.

అయినా వినబడకపోతే బ్రౌజర్‌ని పక్కన పెట్టండి. "ఆక్యాట్ -ఓ" (ఎ-యు-సి-ఎ-టి) తర్వాత ఒక వావ్ ఫైలు పేరు ఇచ్చి నాలుగు మాటలు మాట్లాడి ఆపండి, "-ఐ"తో తిరిగి వినండి. ఇక్కడ మాట వినబడితే తప్పు బ్రౌజర్‌ది. వినబడకపోతే "సండియోసీటీఎల్"లో ఇన్‌పుట్ లెవెల్ చూడండి. యూఎస్‌బీ హెడ్‌సెట్ అయితే అది రెండో సౌండ్ డివైస్ అయి ఉంటుంది. దాన్ని శబ్దాన్ని నడిపించే సండియోడీకి "-ఎఫ్" (ఇక్కడ పెద్దక్షరం) ఫ్లాగ్‌తో చూపించాలి.

అప్‌లోడ్ చేయబోతే ఫోల్డర్లు ఖాళీ

ఆధార్ పీడీఎఫ్ డాక్యుమెంట్స్ ఫోల్డర్లో ఉంది. టెర్మినల్‌లో కనిపిస్తోంది. బ్రౌజర్‌లో అప్‌లోడ్ నొక్కితే ఆ ఫోల్డర్లో ఏమీ లేదు. ఫైళ్లు పోయాయని కంగారు పడకండి. 2018లో 6.4తో వచ్చిన అన్‌వీల్ అనే ఏర్పాటు వల్ల ఒక ప్రోగ్రామ్ తనకు అవసరమైన దారులు తప్ప మిగతా డిస్కుని చూడలేదు. ఫైర్‌ఫాక్స్, క్రోమియం రెండింటికీ మీ ఫోల్డర్లలో డౌన్‌లోడ్స్ ఒక్కటే కనిపిస్తుంది. బ్రౌజర్‌లో ఏ లోపం ఉన్నా, ఏ దొంగ పేజీ తెరిచినా, వేరే కంప్యూటర్లలోకి లాగిన్ అయ్యే మీ ఎస్‌ఎస్‌హెచ్ తాళంచెవులు దానికి అందవు.

పరిష్కారం: ఫైలుని డౌన్‌లోడ్స్‌లోకి కాపీ చేసి అప్‌లోడ్ చేయండి, పని అయ్యాక తీసేయండి. /ఈటీసీ/ఫైర్‌ఫాక్స్‌లో అన్‌వీల్.మెయిన్ ఫైలు మార్చి హోమ్ మొత్తం తెరవడం కూడా సాధ్యమే. దయచేసి ఆ పని చేయకండి.

ట్యాబులు ఎక్కువైతే బ్రౌజర్ చచ్చిపోతోంది

ర్యామ్ ఖాళీగా ఉన్నా ఇలా జరుగుతుంది. ఒక్కో యూజర్ ప్రాసెస్ ఎంత మెమరీ వాడవచ్చో /ఈటీసీ/లాగిన్.కాన్ఫ్‌లో హద్దు ఉంటుంది. "యూజర్‌ఇన్‌ఫో" తర్వాత మీ పేరు కొట్టి క్లాస్ ఏమిటో చూడండి. స్టాఫ్ కాకపోతే "యూజర్‌మాడ్ -ఎల్ స్టాఫ్" (ఎల్ పెద్దక్షరం) తర్వాత మీ పేరు ఇచ్చి మార్చండి. స్టాఫ్ క్లాస్‌లో డేటాసైజ్-కర్ విలువను మీ ర్యామ్‌ని బట్టి పెంచి, లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవ్వండి.

ఇలాంటిదే ఇంకొకటి: నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు ఉన్న ప్రాసెసర్‌లో నాలుగే నడుస్తాయి. హైపర్‌థ్రెడింగ్‌ని భద్రత కోసం 2018 నుంచి ఆపి ఉంచారు. దాన్ని అలాగే వదిలేయండి.

కరెంటు పోయాక బూట్ మధ్యలో ఆగిపోయింది

బ్యాటరీ చచ్చిన పాత ల్యాప్‌టాప్, ఇన్వర్టర్ లేని ఇల్లు, వేసవి కోతలు. మన దగ్గర ఎక్కువమందికి ఎదురయ్యేది ఇదే. "ఆటోమేటిక్ ఫైల్ సిస్టమ్ చెక్ ఫెయిల్డ్, హెల్ప్!" అని వచ్చి, షెల్ దారి ఇవ్వమని అడుగుతుంది. ఇక్కడ వాడే ఎఫ్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్‌లో జర్నల్ (చేయబోయే మార్పులను ముందే రాసిపెట్టే చిట్టా) లేదు. రాత మధ్యలో ఆగిపోతే మళ్లీ లేచాక డిస్కంతా సరిచూడాలి. మామూలు తేడాలను అదే సర్దుతుంది. డేటా పోయే అవకాశం ఉన్నప్పుడు మాత్రం ఆగి మనల్ని అడుగుతుంది. కాబట్టి ఆ స్క్రీన్ చూసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయడానికి సిద్ధపడకండి.

ఎంటర్ నొక్కితే షెల్ వస్తుంది. ఏ పార్టిషన్ దగ్గర ఆగిందో పైన రాసి ఉంటుంది. దాని మీద "ఎఫ్‌ఎస్‌సీకే" నడపండి, ప్రతి ప్రశ్నకీ చదివి వై అనండి. వందల ప్రశ్నలు వస్తే "-వై" వాడక తప్పదు. కానీ /హోమ్‌లో బ్యాకప్ లేనివి ఉంటే, ముందు "డీడీ"తో ఆ పార్టిషన్‌ని ఇంకో డిస్కులోకి పూర్తిగా కాపీ తీసుకున్నాకే -వై జోలికి వెళ్లండి. అయ్యాక రీబూట్ చేయండి. పేరు పోగొట్టుకున్న ఫైళ్లు లాస్ట్+ఫౌండ్‌లో అంకెల పేర్లతో దొరుకుతాయి. ఇన్‌స్టాలర్ డిస్కుని అన్ని ముక్కలుగా ఎందుకు చేస్తుందని చాలామంది విసుక్కుంటారు. /వార్ దెబ్బతిన్నా /హోమ్ క్షేమంగా బయటపడేది ఆ ముక్కల వల్లే.

పాత సలహాల్లో ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో (పార్టిషన్ల జాబితా ఉండే ఫైల్లో) సాఫ్ట్‌డెప్ అనే ఆప్షన్ పెట్టమని ఉంటుంది. 7.4 నుంచి దానికి ఏ ప్రభావమూ లేదు.

అప్‌గ్రేడ్ తర్వాత ప్రోగ్రాములు తెరుచుకోవు

"కాంట్ లోడ్ లైబ్రరీ" అని వస్తే బేస్ కొత్తది, ప్యాకేజీలు పాతవి. సిస్‌అప్‌గ్రేడ్, రీబూట్, సిస్‌మెర్జ్, "పీకేజీ_యాడ్ -యు", ఈ వరుస తప్పకూడదు. ఆరు నెలలకో విడుదల వస్తుంది, చివరి రెండింటికే ప్యాచ్‌లు ఉంటాయి, మధ్యలో ఒక విడుదల దాటేసి దూకకూడదు. స్నాప్‌షాట్లు (విడుదలకు ముందు వచ్చే తయారీ దశ కాపీలు) వాడేవాళ్లకి విడుదల దగ్గరపడ్డప్పుడు ఒక్క ప్యాకేజీ కూడా దొరకదు. ఎందుకంటే అప్పుడు సిస్టమ్ తన వెర్షన్ నుంచి బీటా అన్న మాట తీసేసి, ఇంకా పుట్టని విడుదల ఫోల్డర్లో వెతుకుతుంది. "పీకేజీ_యాడ్ -డీ స్నాప్ -యు" అనండి (డీ పెద్దక్షరం).

తెలుగు డబ్బాలుగా కనిపిస్తోంది

నోటో-ఫాంట్స్ ప్యాకేజీ వేసుకుంటే బ్రౌజర్‌లో తెలుగు శుభ్రంగా కనిపిస్తుంది. ఎల్ఎస్ కొడితే తెలుగు ఫైలు పేర్ల చోట ప్రశ్నార్థకాలు వస్తుంటే అది లొకేల్ (భాష, అక్షరాల సెట్టింగు) సంగతి. మీ .ఎక్స్‌సెషన్‌లో ఎల్‌సీ_సీటైప్ (ఇవి పెద్దక్షరాలు) విలువను యుటీఎఫ్-8 ఉన్న లొకేల్‌గా ఎక్స్‌పోర్ట్ చేయండి. కీబోర్డుకి సెట్‌ఎక్స్‌కేబీమ్యాప్‌లో "ఇన్" లేఅవుట్, "టెల్" వేరియంట్ ఉన్నాయి. ఎక్స్‌టెర్మ్‌లో మాత్రం ఒత్తులు అక్షరం కింద కుదురుకోవు. అది అక్షరాలను గడుల్లో పేర్చుతుందే తప్ప కలిపి గీయదు. తెలుగు రాత పనికి గ్రాఫికల్ ఎడిటర్ తీసుకోండి.

మీరు రాసిన ప్రోగ్రామ్ చడీచప్పుడు లేకుండా చచ్చిపోతే

"అబార్ట్ ట్రాప్" అని ఒక్క ముక్క, అంతే. డీమెసెజ్ చివర చూడండి. ప్రోగ్రామ్ పేరు, పక్కన "ప్లెడ్జ్ ఐనెట్, సిస్‌కాల్ 97" అని ఉంటుంది. 2016లో 5.9తో వచ్చిన ప్లెడ్జ్‌లో, ఇకపై ఫలానా పనులే చేస్తానని ప్రోగ్రామ్ కెర్నెల్‌కి మాట ఇస్తుంది. మాట తప్పితే కెర్నెల్ చంపేస్తుంది. సిస్‌కాల్ అంటే ప్రోగ్రామ్ కెర్నెల్‌ని అడిగే పని. 97 ఏమిటో సిస్/సిస్‌కాల్.హెచ్‌లో ఉంటుంది: సాకెట్. అంటే మాట ఇచ్చాక నెట్‌వర్క్ తెరవబోయారు.

జాబితాలో "ఐనెట్" చేర్చడం సులువు. చాలాసార్లు సరైన మార్పు వేరు: సాకెట్‌ని ప్లెడ్జ్ కంటే ముందే తెరిచి, తర్వాత మాట ఇవ్వడం. ఎక్కడ తప్పిందో తెలియకపోతే "కేట్రేస్ -ఐ"తో నడిపి "కేడంప్" చివరి లైన్లు చదవండి. ఇలా ఒకటి రెండు ప్రోగ్రాములను సరిచేస్తే, ఆ కోడ్ ఏం చేస్తుందో దాన్ని రాసినవాళ్ల కంటే బాగా తెలిసిపోతుంది. డెవలప్‌మెంట్‌లోకి రావాలనుకునేవాళ్లకి ఇంతకంటే మంచి మొదటి మెట్టు నాకు కనిపించలేదు.

హోమ్‌లో బిల్డ్ చేసిన ప్రోగ్రామ్ నడవక, డీమెసెజ్‌లో "డబ్ల్యుఎక్స్‌అలౌడ్" అన్న మాట కనిపిస్తే, ఒకేసారి రాయదగ్గ, నడపదగ్గ మెమరీ దానికి కావాలన్నమాట. అది /యుఎస్‌ఆర్/లోకల్‌లో తప్ప నడవదు. బిల్డ్‌కి ఆ ఆప్షన్‌తో వేరే పార్టిషన్ పెట్టుకోండి.

పరిష్కారం లేనివి

బ్లూటూత్ లేదు. ఉన్నదాన్ని 2014లో తీసేశారు. మామూలు యూఎస్‌బీ సౌండ్ కార్డులా కనిపించే బ్లూటూత్ ఆడియో డాంగిల్ పని చేస్తుంది. కొత్త ఎన్విడియా కార్డులకు యాక్సిలరేషన్ లేదు. ఇంటెల్ లేదా ఏఎండీ గ్రాఫిక్స్ చూసి కొనుక్కోండి. సెకండ్‌హ్యాండ్ షాపుకి ఇన్‌స్టాల్ పెన్‌డ్రైవ్ తీసుకెళ్లి బూట్ చేసి, షెల్‌లోకి వెళ్లి డీమెసెజ్‌లో వైఫై కార్డుకి, డిస్కుకి "నాట్ కాన్ఫిగర్డ్" అన్న లైను వస్తోందేమో చూస్తే డబ్బు వృథా కాదు. సౌండ్, గ్రాఫిక్స్ డ్రైవర్లు ఇన్‌స్టాల్ కెర్నెల్‌లో ఉండవు కాబట్టి వాటికి ఆ లైను వచ్చినా లెక్కపెట్టవద్దు.

కెర్నెలే పడిపోతే "డీడీబీ" అనే ప్రాంప్ట్ వస్తుంది. పవర్ బటన్ నొక్కే ముందు "షో ప్యానిక్", "ట్రేస్", "పీఎస్" వరసగా కొట్టి, ఒక్కో స్క్రీన్‌నీ ఫోన్‌తో ఫొటో తీయండి. "బూట్ రీబూట్" కొట్టి లేచాక "సెండ్‌బగ్" నడిపితే డీమెసెజ్‌ని అదే జతచేస్తుంది. ట్రేస్‌ని చూసి టైప్ చేయండి, ఏం చేస్తుండగా పడిపోయిందో నాలుగు లైన్లలో రాసి పంపండి.