కోచ్‌ని పీకేయాలా వద్దా అని వాదించే ముందు ఏం చూడాలంటే

అమెరికాకి ఎంఎస్‌కి వచ్చి కాలేజ్ ఫుట్‌బాల్‌కి అలవాటు పడిపోయిన మనోళ్ళ కోసం ఇది. వరసగా రెండు మ్యాచ్‌లు ఓడితే చాలు, కోచ్‌ని తీసేయాలని రూమ్‌లో గొడవ మొదలవుద్ది. కాస్త ఆగండి, ముందు కాంట్రాక్ట్ చూడండి, అందులో బైఅవుట్ అని ఉంటది, అంటే మధ్యలో పంపించేస్తే కాలేజీ కట్టాల్సిన డబ్బు. 2023 నవంబర్‌లో టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ వాళ్ళు తమ కోచ్ జింబో ఫిషర్‌ని తీసేసినప్పుడు అది దాదాపు 7.6 కోట్ల డాలర్లు, అది కూడా టీమ్ 51-10తో గెలిచిన మర్నాడే!

తర్వాత కోచ్ వల్లే స్టేడియం ఖాళీగా ఉంది అనే పాయింట్. ఇక్కడే అందరూ తప్పు చేస్తారు. బయటికి చెప్పే అటెండెన్స్ సాధారణంగా అమ్మిన, పంచిన టికెట్ల లెక్క, గేటు దగ్గర స్కాన్ అయింది వేరే. 2018లో వాల్ స్ట్రీట్ జర్నల్ లెక్క తీస్తే బయటికి చెప్పిన అటెండెన్స్‌లో సగటున 71 శాతమే లోపలికొచ్చారని తేలింది. సో స్కాన్ నంబర్ దొరికితే అదే పట్టుకోండి, మూడు నాలుగు సీజన్లవి తీసి అదే టైమ్‌కి మొదలైన, అదే స్థాయి ప్రత్యర్థితో ఆడిన మ్యాచ్‌లతోనే పోల్చండి.

జనం రాకపోతే కోచ్ తప్పే అనుకోకండి, అలబామా యూనివర్సిటీ టీమ్ గెలుస్తున్నా స్టూడెంట్లు మధ్యలో వెళ్ళిపోతున్నారని 2019లో చివరిదాకా ఉంటే పాయింట్లు ఇచ్చే యాప్ పెట్టారు.