ఇంటర్ మార్కులతో ఎప్‌సెట్ ర్యాంకు పెంచుకోవడం

సంక్రాంతి దాటాక బెజవాడ, గుంటూరు హాస్టళ్లలో పిల్లలు ఎప్‌సెట్ (ఇంజినీరింగ్, అగ్రికల్చర్, ఫార్మసీ ఎంట్రన్స్) బిట్ల మీదే కూర్చుంటారు, ఐపీఈ అంటే ఇంటర్ బోర్డు పరీక్షల పుస్తకం పక్కకెళ్లిపోతుంది. కానీ ఏపీ ఎప్‌సెట్ ర్యాంకులో 25 శాతం ఇంటర్ గ్రూప్ సబ్జెక్టులదే (ఎంపీసీ వాళ్లకైతే మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ). లాంగ్వేజెస్ ఇందులో లెక్కలోకి రావు.

లెక్క ఇది: గ్రూపులో 80 శాతం వస్తే ఆ 25కి 20 పాయింట్లు, 92 శాతం వస్తే 23. ఎప్‌సెట్ 160 మార్కులకు మిగతా 75 పాయింట్లు కాబట్టి, ఆ మూడు పాయింట్లు అందులో దాదాపు ఆరు మార్కులతో సమానం. ఆరు బిట్లు అదనంగా కొట్టడం కంటే ఇదే తేలిక.

రోజుకు గంటన్నర ఐపీఈకి తీసిపెట్టండి. ముందు చాయిస్ లేని చిన్న ప్రశ్నలు, గత ఐదేళ్ల పేపర్లవి. బెజవాడ ఏలూరు రోడ్డు లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపుల్లో అడిగి చూడండి. చదివి వదిలేయకుండా చూడకుండా రాయాలి. మ్యాథ్స్‌లో ఫార్ములా ఒక లైను, విలువలు వేసింది ఇంకో లైను. చివర తప్పొచ్చినా స్టెప్పులకు మార్కులుంటాయి. బిట్ల అలవాటుతో ఆన్సర్ మాత్రమే రాసేవాళ్లు ఇక్కడే పోగొట్టుకుంటారు. ఫిజిక్స్, కెమిస్ట్రీ ప్రాక్టికల్స్ 30 మార్కుల చొప్పున ఉన్నాయి, రికార్డు ఇప్పుడే పూర్తి చేయండి.

ఫస్టియర్ పేపర్లో తక్కువొస్తే సప్లిమెంటరీతో పాటు ఇంప్రూవ్‌మెంట్ రాయొచ్చు, రెండింట్లో ఎక్కువదే తీసుకుంటారు. రిజల్ట్స్ తర్వాత ఫీజు గడువు కొద్ది రోజులే, వచ్చిన రోజే కాలేజీ ఆఫీసులో అడగండి.

ఒక్క జాగ్రత్త. ఓసీ, బీసీలకు ఎప్‌సెట్‌లో 160కి 40 రాకపోతే ర్యాంకే ఇవ్వరు. అప్పుడు ఇంటర్‌లో ఎన్ని మార్కులున్నా అక్కరకు రావు.