అన్‌చార్టెడ్ లాస్ట్ లెగసీ: శత్రువుల క్యాంపులో తూటా వృథా చేయకుండా నిధి దాకా వెళ్లడం ఎలా?

అన్‌చార్టెడ్: ద లాస్ట్ లెగసీ అనే వీడియో గేమ్ మొదలుపెట్టినవాళ్లలో చాలామంది ఒకే చోట ఇరుక్కుంటారు. నాలుగో చాప్టర్, పశ్చిమ కనుమలు. జీపు దిగుతారు, కంటబడ్డ మొదటివాణ్ని కాల్చేస్తారు, క్యాంపు క్యాంపంతా మీదపడుతుంది, చచ్చిపోతారు. మళ్లీ అక్కడే మొదలు, మళ్లీ అదే కాల్పులు. ఆరోసారికి విసుగొచ్చి ఈజీ మోడ్‌కి దిగిపోతారు. తప్పు క్యాంపులోకి అడుగుపెట్టే పద్ధతిలో ఉంది. అది ఒక్కటి సరిచేసుకుంటే ఆట మొత్తం దారిన పడుతుంది.

ముందు సరంజామా

గేమ్ 2017లో పీఎస్4 కోసం వచ్చింది. 2022లో లెగసీ ఆఫ్ థీవ్స్ కలెక్షన్ పేరుతో నాలుగో అన్‌చార్టెడ్‌తో కలిపి ముందు పీఎస్5కి, తర్వాత పీసీకి ఇచ్చారు. పీసీలో 126 జీబీ ఖాళీ ఉండాలి. 100 ఎంబీపీఎస్ కనెక్షన్ పూర్తి వేగంతో వచ్చినా డౌన్‌లోడ్‌కి మూడు గంటలు పడుతుంది, కాబట్టి రాత్రి పెట్టి పడుకోండి. గ్రాఫిక్స్ కార్డు కనీసం జీటీఎక్స్ 960, హాయిగా ఆడాలంటే జీటీఎక్స్ 1060, ర్యామ్ 16 జీబీ.

పీసీలో కూడా కంట్రోలర్‌తోనే ఆడాలి. ఇందులో అడుగు నెమ్మదిగా వేయడం, జీపు సన్నగా తిప్పడం, తాళం తీసేటప్పుడు చేతికి కంపనం తెలియడం అన్నీ ముఖ్యం, కీబోర్డుతో ఇవి అంత బాగా కుదరవు. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ బజారులో పాత కంట్రోలర్ కొంటుంటే అక్కడే ల్యాప్‌టాప్‌కి తగిలించి, స్టిక్ మీద నుంచి వేలు తీసేసి చూడండి. తెర మీద దానంతటది ఏదైనా కదిలితే ఆ కంట్రోలర్ వద్దు. గడ్డిలో దాక్కున్నప్పుడు మీ మనిషి తనంతట తాను బయటికి నడుస్తుంది.

వేసవిలో కన్సోల్‌ని టీవీ కింద చెక్క అరలో బిగించి పెట్టొద్దు. చుట్టూ 10 సెంటీమీటర్ల ఖాళీ వదలండి. వానాకాలం సాయంత్రాల్లో కరెంటు పోతుంది కాబట్టి చిన్న యూపీఎస్ పెట్టుకోండి. సేవ్ అవుతున్న గుర్తు తెర మీద తిరుగుతుండగా ఎప్పుడూ స్విచ్ ఆపకూడదు. టీవీ సెట్టింగ్స్‌లో గేమ్ మోడ్ ఆన్ చేయండి, లేకపోతే బటన్ నొక్కిన కాసేపటికి గానీ మనిషి కదలదు.

ఆటలో సెట్టింగ్స్ మూడే. కష్టం మోడరేట్‌లో పెట్టండి. అన్నిటికంటే సులువైన ఎక్స్‌ప్లోరర్‌లో ఎన్ని తప్పులు చేసినా చెల్లుబాటవుతాయి కాబట్టి ఏమీ నేర్చుకోలేరు. గురి దానంతటదే కుదిరే లాక్-ఆన్ ఎయిమ్ ఆపేయండి. సబ్‌టైటిల్స్ ఆన్ చేయండి, మనం ఆడే క్లోయీ, ఆమెకు తోడుగా వచ్చే నదీన్ మాట్లాడుకునే మాటల్లోనే సగం దారి చెప్పేస్తారు.

ఎక్కడం, జీపు నడపడం

ఎక్కేటప్పుడు ఒకటే సూత్రం. గోడకి వేలాడుతూ ఎడమ స్టిక్‌ని ఏ వైపు తోస్తే ఆ వైపు క్లోయీ చెయ్యి చాస్తుంది. చెయ్యి బాగా చాచి తర్వాతి పట్టు వైపు చూపిస్తే క్రాస్ నొక్కండి (ఇక్కడ చెప్పే బటన్లన్నీ ప్లేస్టేషన్ కంట్రోలర్‌వి). చెయ్యి చాచకపోతే దూకొద్దు, అటు దారి లేనట్టే. తాడు విసిరే గుర్తు కనిపించగానే గాల్లో ఉండగా ఎల్1 నొక్కి పట్టుకోండి.

బురద ఏటవాలులో జీపు జారుతుంటే యాక్సిలరేటర్ తొక్కి పెట్టడం దండగ. బురద మధ్య రాళ్లు తేలిన చోటు చూసి, చక్రాలు వాటి మీదే పడేలా వంకరగా ఎక్కండి. అసలు ఎక్కకపోతే దిగి, జీపు ముందున్న వించ్ తాడు లాక్కెళ్లి చెట్టుకో స్తంభానికో చుట్టి రండి.

క్యాంపు: తొందరపడితే పోయేది ఇక్కడే

క్యాంపు దగ్గర మొదటి పని చూడటం. కనీసం రెండు నిమిషాలు. జీపుని దూరంగా ఆపి, ఎత్తైన బండ మీదికో గడ్డిలోకో వెళ్లి, ఎల్2తో గురిపెట్టి ఒక్కొక్కడి మీదికి తీసుకెళ్లి ఎల్3, అంటే ఎడమ స్టిక్‌ని లోపలికి నొక్కండి. వాడి మీద గుర్తు పడుతుంది, గోడ వెనక్కి వెళ్లినా ఆ గుర్తు కనిపిస్తూనే ఉంటుంది. అందరికీ గుర్తు పెట్టేదాకా అడుగు ముందుకు వేయకండి. ‘నలుగురే ఉన్నారు’ అనుకుని దిగినవాళ్లని చంపేది ఎప్పుడూ ఆ అయిదోవాడే. వాడు బురుజు మీదో గుడారం వెనకో ఉంటాడు.

గుర్తులు పెట్టాక ఇంకో నిమిషం కదలకుండా గస్తీ చూడండి. ప్రతి కాపలావాడికీ ఒక చుట్టు ఉంటుంది. ఎక్కడ ఆగుతాడో, ఎక్కడ వెనక్కి తిరుగుతాడో, ఎవరి కంటికి ఎవరు కనిపిస్తున్నారో తెలిసేదాకా చూడాలి. ముగ్గురు మాట్లాడుకుంటూ నిలబడి ఉంటే వాళ్లని ఆఖరికి వదిలేయండి. ఎత్తు మీదున్నవాడు ముందు పోవాలి, వాడికి మైదానం అంతా కనిపిస్తుంది. తర్వాత అంచుల్లో ఒంటరిగా తిరిగేవాళ్లు. మధ్యలోవాళ్లు చివర. ఈ వరుస తప్పించి లాభపడే సందర్భం చాలా అరుదు.

వెనకనుంచి వెళ్లి స్క్వేర్ నొక్కితే మనిషి చప్పుడు లేకుండా పడిపోతాడు. అసలు తప్పు ఆ తర్వాతే జరుగుతుంది. ఈ ఆటలో శవాన్ని ఈడ్చుకెళ్లి దాచే వీలు లేదు. పడ్డవాడు పడ్డచోటే ఉంటాడు, ఇంకొకడు ఆ దారిన వస్తే అనుమానపడతాడు. కాబట్టి ఎప్పుడు పడగొట్టాలన్నదాని కంటే ఎక్కడ పడగొట్టాలన్నది ముందు తేల్చుకోవాలి. మంచి చోట్లు రెండే. ఒకటి పొడుగాటి గడ్డి లోపల. రెండోది గట్టు అంచు. గట్టు కింద చేతులతో వేలాడుతూ ఉండి, కాపలావాడు అంచుకి రాగానే స్క్వేర్ నొక్కితే క్లోయీ వాణ్ని కిందికి లాగేస్తుంది. శవం లోయలోకి పోతుంది, ఎవరికీ దొరకదు. నీళ్ల పక్కన, కొండ పక్కన ఉన్న క్యాంపుల్లో ఇంతకంటే నమ్మకమైన పద్ధతి లేదు.

కాపలావాళ్ల తల మీద కనిపించే గుర్తు రంగులు గుర్తుంచుకోండి. తెల్లగా నిండుతోందంటే వాడికి ఏదో కదిలినట్టు అనిపించింది, వెంటనే వాడి చూపులోంచి తప్పుకోండి. పసుపు రంగుకి మారితే చూడ్డానికి వస్తున్నాడు. ఇక్కడే చాలామంది భయపడి తుపాకీ తీస్తారు. తీయకూడదు. పసుపు రంగు మనకు దొరికిన అవకాశం, వాడు గుంపులోంచి విడిపోయి తనంతట తానే మన గడ్డిలోకి నడిచి వస్తున్నాడు. కదలకుండా కూర్చుని, దగ్గరికి రాగానే స్క్వేర్ నొక్కండి. గుర్తు నారింజ రంగుకి మారితే మాత్రం అందరికీ తెలిసిపోయినట్టే.

అప్పుడు కూడా ఆట అయిపోలేదు. ఒకే అడ్డు వెనక కూర్చుని కాల్చడమే చావు. చెక్క అడ్డులు తూటాలకి విరిగిపోతాయి, ఈలోగా ఇద్దరు పక్కనుంచి చుట్టుముడతారు, పైనుంచి గ్రెనేడు పడుతుంది. తెర రంగు వెలిసిపోతోందంటే ప్రాణం తగ్గుతోందని. తుపాకీ వదిలేసి పరుగెత్తండి. గోడ మూలో గట్టో దాటి వాళ్ల చూపు తెగ్గొట్టి, చుట్టూ తిరిగి వేరే గడ్డిలోకి దూరండి. వాళ్లు మిమ్మల్ని ఆఖరిసారి చూసిన చోటే వెతుకుతారు. కాసేపు ఓపిక పడితే మళ్లీ విడివిడిగా తిరగడం మొదలుపెడతారు, మీరు మళ్లీ అంచులనుంచి మొదలుపెట్టవచ్చు. ఈ సంగతి తెలియక, ఒకసారి కనబడగానే రీస్టార్ట్ చెక్‌పాయింట్ నొక్కేసేవాళ్లు ఎంతో మంది.

సైలెన్సర్ పిస్టల్ దొరుకుతుంది. దాని తూటాలు తక్కువ, గడ్డి లేని చోట ఎత్తున నిలబడ్డవాడి తలకి తప్ప వాడొద్దు. పెద్ద తుపాకుల మీద మోజు పెంచుకోకండి. నదీన్ గురించి బెంగ వద్దు, మీరు దాక్కున్నంతసేపు ఆమె కంటి ముందు తిరిగినా వాళ్లు పసిగట్టరు.

యూట్యూబ్ వీడియో పక్కన పెట్టుకుని క్యాంపులు దాటేవాళ్లకి ఒక మాట. వీడియోలో ఆ మనిషి ఏ వైపునుంచి వచ్చాడు, ఎవర్ని ముందు పడగొట్టాడు అన్నదాన్ని బట్టే మిగతావాళ్లు ఎటు కదిలారన్నది ఉంటుంది. మీరు ఒక్క అడుగు వేరుగా వేస్తే ఆ వీడియో పనికిరాదు. పజిల్‌కి చూస్తే చూడండి, క్యాంపుకి మాత్రం మీ కళ్లే ఆధారం.

పశ్చిమ కనుమల్లో ఏది ముందు?

నాలుగో చాప్టర్ పెద్ద మైదానం. మధ్యలో ఉన్న బురుజు ఎక్కితే చుట్టూ కనిపిస్తుంది, క్లోయీ మ్యాప్‌లో త్రిశూలం, విల్లు, గొడ్డలి గుర్తుల కోటలు చేరతాయి. మూడింటినీ ఏ వరుసలోనైనా చేయవచ్చు. కానీ కోటలకంటే ముందు హొయసళ టోకెన్లు ఏరుకోవాలి. మొత్తం 11. ఏ ఒక్కటీ ఊరికే దొరకదు. ఒక చోట గోడ ఎక్కాలి, ఒక చోట చిన్న పజిల్, ఒక చోట క్యాంపు. అన్నీ కూడబెడితే రాణి కెంపు అనే కంకణం దొరుకుతుంది. దగ్గర్లో నిధి ఉంటే ఆ కంకణం చప్పుడు చేసి చెబుతుంది, కాబట్టి ఆ తర్వాతి చాప్టర్లన్నిట్లో నిధుల వెతుకులాట సగానికి తగ్గుతుంది. అందుకే దాన్ని చివరికి పెట్టుకోవడంలో అర్థం లేదు. మూడు కోటలూ అయ్యాక పెద్ద ద్వారం దాటి ముందుకు వెళ్తే కథ మిమ్మల్ని వెనక్కి రానివ్వదు, మెయిన్ మెనూలోని చాప్టర్ సెలెక్ట్ ఒక్కటే దిక్కు. ద్వారం దాటే ముందు మ్యాప్ తెరిచి టోకెన్ల లెక్క సరిచూసుకోండి.

తాళం వేసిన పెట్టెలు కనబడితే వదలకండి. ఎడమ స్టిక్‌ని మెల్లగా, అంటే నిజంగా మెల్లగా తిప్పండి. చేతిలో కంట్రోలర్ కంపించిన చోట ఆపాలి. గబగబా తిప్పితే ఆ చోటు దాటిపోతుంది, అప్పుడు తాళం సరిగా లేదనుకుంటారు. పెట్టెల్లో నిధో మంచి ఆయుధమో ఉంటుంది.

పజిళ్ల దగ్గర తెలుగువాళ్లకి ఉన్న సౌకర్యం

ఈ కథంతా వినాయకుడి దంతం కోసం వేట. మహాభారతం రాయడానికి దంతం విరిచి పట్టుకున్నాడన్న కథ మనకు బాగా తెలుసు. ఆటలో తీసుకున్నది రెండోది, పరశురాముడి కథ. శివుణ్ని చూడ్డానికి వచ్చిన పరశురాముణ్ని గుమ్మం దగ్గర ఆపినందుకు గొడ్డలి పడుతుంది. అది తండ్రి ఇచ్చిన ఆయుధం కాబట్టి ఎదిరించకుండా గణపతి దంతం మీద తీసుకుంటాడు. గొడ్డలి ఎవరిది, దెబ్బ ఎవరికి, గుమ్మంలో ఉన్నది ఎవరు అన్నవి తెలిస్తే గోడల మీది శిల్పాలు వరుసగా చదివేయవచ్చు. సగం పజిళ్లు అక్కడే విడిపోతాయి. ఈ కథ తెలియని విదేశీ ఆటగాళ్లు గంట కొట్టుకునే చోట మన పిల్లలు పది నిమిషాల్లో బయటపడగలరు. అందుకే గదిలోకి వెళ్లగానే మీటలు లాగకండి. ముందు గోడలు చూడండి.

ఆటలో కనిపించేది కర్ణాటకను ఏలిన హొయసళుల రాజ్యం. వాళ్ల రాజధాని దోరసముద్రం, ఇప్పటి హళేబీడు. బేలూరు చెన్నకేశవాలయం 1117 నాటిది, హళేబీడు గుడి 1121లో మొదలైంది. ఢిల్లీ సుల్తాను సేనాని మాలిక్ కాఫుర్ 1310లో ఓరుగల్లును ముట్టడించి ప్రతాపరుద్రుడి దగ్గర కప్పం పుచ్చుకున్నాడు, మరుసటి ఏడాది 1311లో దోరసముద్రం మీద పడ్డాడు. ఆటలోని కొండకోటలు కల్పితమే. కానీ నక్షత్రం ఆకారంలో కట్టిన అరుగులు, నగిషీ దింపిన స్తంభాలు, ఏనుగుల వరుసలు చూస్తుంటే రామప్ప గుడికి వెళ్లొచ్చినవాళ్లకి చుట్టరికం వెంటనే తెలుస్తుంది.

రాతి ముక్కలు తిప్పి గోడ మీద నీడతో బొమ్మ కూర్చే నీడల పజిల్‌లో మాత్రం రాతి ముక్కల వైపు చూస్తూ కూర్చోవద్దు. ముక్కలు అన్నీ గజిబిజిగానే ఉంటాయి. చూపు గోడ మీదే ఉంచి, అన్నిటికంటే పెద్ద నీడ పడే ముక్కని ముందు సరిపెట్టండి. చిన్నవి దాని చుట్టూ సర్దుకుంటాయి. చిన్న ముక్కలతో మొదలుపెడితే పెద్దది తిప్పిన ప్రతిసారీ అంతా మొదటికొస్తుంది.

చివరి చాప్టర్ రైలు మీద. అక్కడ దాక్కోవడానికి గడ్డి ఉండదు, జీపు మీదనుంచి రైలు మీదికి, రైలు మీదనుంచి జీపు మీదికి దూకుతూనే ఉండాలి. అక్కడ మాత్రం కాల్చండి. పడ్డవాళ్ల తుపాకులు వెంటవెంటనే మార్చుకుంటూ ముందుకు వెళ్లండి, ఖాళీ తుపాకీ నింపుకుంటూ ఒక పెట్టె మీద ఆగిపోవద్దు.