గుంట పడకముందే ఆగిన పుచ్చు

పై పన్ను మీద, చిగుళ్లకు ఆనుకుని సుద్దలాంటి తెల్లమచ్చ కనబడితే మరకేమో అనుకున్నాను. పుచ్చుకు తొలి మెట్టు అదేనని డెంటిస్ట్ చెప్పారు. గుంట ఇంకా పడలేదు కాబట్టి ఫిల్లింగ్ అక్కర్లేదన్నారు.

రోజూ రెండుపూటలా తోముతాను, మరి తప్పెక్కడ? చక్కెర కాఫీని పని చేసుకుంటూ గంటలకొద్దీ చప్పరించడం నా అలవాటు. నోట్లోని బ్యాక్టీరియా చక్కెరను తిని ఆమ్లం వదులుతుంది. నోటి పీహెచ్ (అది తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువైనట్టు) సుమారు 5.5 కంటే దిగితే పంటి గట్టి పైపొర అయిన ఎనామిల్‌లోని కాల్షియం, ఫాస్ఫేట్ కరగడం మొదలవుతుంది. లాలాజలం వాటిని మళ్లీ చేరుస్తుంది గానీ, దానికి అరగంటో గంటో వ్యవధి కావాలి. నేను ఆ వ్యవధే ఇవ్వలేదు. ఎంత చక్కెర అన్నదానికన్నా ఎన్నిసార్లు అన్నదే నా కొంప ముంచింది.

ఇప్పుడు కాఫీ భోజనంతో పాటే, ఒక్క విడతలో. మధ్యలో మంచినీళ్లే. పడుకునే ముందు 1450 పీపీఎం ఫ్లోరైడ్ ఉన్న పేస్ట్‌తో తోమి, నురుగు ఉమ్మేసి ఊరుకుంటాను, ఫ్లోరైడ్ కొట్టుకుపోకుండా పుక్కిలించను (మొదట్లో మహా వెగటుగా ఉండేది). పళ్ల సందుల్లో ఫ్లాస్ కూడా, బద్ధకించిన రోజులు మినహా.

ఆరు నెలలకు మళ్లీ చూపిస్తే మచ్చ గట్టిపడి నునుపు తేలిందన్నారు. తెలుపు మాత్రం పూర్తిగా పోలేదు.